లాగితే గడ్డకట్టే పదార్థం

అందరికీ నమస్కారం. మీ కుర్చీల మీద ఒక్కో రబ్బరు బ్యాండు పెట్టించాం. కాస్త వెడల్పాటిది. ఒకరిద్దరు ఇప్పటికే పక్కవాళ్లకు గురిపెడుతున్నారు, చూస్తూనే ఉన్నాను. (నవ్వులు) అది కాసేపు ఆపి నేను చెప్పినట్టు చేయండి. బ్యాండును రెండు చేతులతో పట్టుకుని పైపెదవికి ఆనించండి. కళ్లు మూసుకోండి, తెగితే కంటికి తగలకుండా. ఇప్పుడు ఒక్కసారిగా, మీకు ధైర్యం ఉన్నంత మేరకు సాగదీయండి. వెచ్చగా తగిలిందా? సరే, సాగదీసినట్టే పట్టుకుని పది లెక్కపెట్టండి. ఆ వెచ్చదనం గాలిలో కలిసిపోతుంది. ఇప్పుడు చేతులు చటుక్కున దగ్గరకు తెచ్చి, వదులైన బ్యాండును మళ్లీ పెదవికి ఆనించండి. ఈసారి చల్లగా ఉంటుంది.

వేలితో ముట్టుకుంటే ఇది అంత స్పష్టంగా తెలియదు. పెదవి చర్మం పలచన కాబట్టి ఒకటి రెండు డిగ్రీల తేడాను కూడా పట్టేస్తుంది. ఈ సంగతి మొదట రాసిపెట్టినవాడు జాన్ గాఫ్. ఇంగ్లండులోని కెండాల్‌కు చెందినవాడు. పసితనంలోనే మశూచి సోకి చూపు పోయింది. పరమాణు సిద్ధాంతంతో పేరు తెచ్చుకున్న జాన్ డాల్టన్ కుర్రతనంలో ఈయన దగ్గరే చదువుకున్నాడు. గాఫ్ 1802లో రాసిన ఒక లేఖ 1805లో మాంచెస్టర్ సాహిత్య తాత్విక సంఘం సంపుటంలో అచ్చయింది. అందులో రబ్బరు గురించి మూడు ప్రయోగాలున్నాయి. ఒకటి, ఇప్పుడు మీరు చేసిందే. రెండోది, బరువు వేలాడదీసిన రబ్బరు పట్టీని వేడి చేస్తే అది పొడవు పెరగదు, కుంచించుకుపోతుంది. లోహపు తీగ చేసే పనికి పూర్తిగా ఎదురు. మూడోది, రబ్బరు పట్టీని చల్లని నీళ్లలో సాగదీస్తే దాని బిగువు సడలిపోతుంది, వదిలినా పూర్తిగా వెనక్కి రాదు. దాన్నే తీసి వేడినీళ్లలో వేస్తే గబుక్కున ముడుచుకుంటుంది.

మొదటి రెండింటికీ పాఠ్యపుస్తకాల్లో చోటు దొరికింది. 1859లో జేమ్స్ జౌల్ వాటిని కొలిచి నిర్ధారించాడు. అందుకే ఇద్దరి పేర్లూ కలిపి గాఫ్-జౌల్ ప్రభావం అంటాం. మూడోదాన్ని మాత్రం చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నన్నడిగితే మూడింటిలోనూ అదే అసలైనది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ మూడో ప్రయోగం గురించే. సాగిన రబ్బరు చల్లటి నీళ్లలో వెనక్కి రాకుండా ఎందుకు అలాగే ఉండిపోయింది? ఒక్కమాటలో జవాబు: అది గడ్డకట్టింది. నీళ్లు మంచుగడ్డ అయినట్టే, రబ్బరులో స్ఫటికాలు పుట్టాయి. ఆ స్ఫటికాలు లేకపోతే ఇవాళ మనం వాడే రబ్బరుకు ఆ బలమే ఉండదు.

రబ్బరు లోపల ఏముందో ముందు చూద్దాం. రబ్బరులో ఉన్నది కర్బనం, హైడ్రోజన్ అని, ఐదు కర్బన పరమాణువులకు ఎనిమిది హైడ్రోజన్ల పాళ్లలో ఉన్నాయని మైకేల్ ఫారడే 1826లోనే తేల్చాడు. ఆ ఐదు కర్బనాల తునకను ఐసోప్రీన్ అంటాం. రబ్బరు చెట్టు ఈ తునకలను ఒకదాని వెనక ఒకటి చేర్చుకుంటూ పోతుంది. ఒక్కో గొలుసులో పది వేలకు పైగా తునకలుంటాయి. గొలుసు పొడవునా ప్రతి తునకలో ఒక జంట బంధం ఉంటుంది. ఆ జంట బంధానికి గొలుసు ఒకే పక్కన వచ్చి, ఒకే పక్కన వెళితే దాన్ని సిస్ అమరిక అంటారు. ఒక పక్కన వచ్చి ఎదుటి పక్కకు వెళితే ట్రాన్స్. చెట్టు కట్టే గొలుసు దాదాపు పూర్తిగా సిస్. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, తరవాత దీనితో పనుంది.

ఇప్పుడు ఆ గొలుసులు ఎలా పడి ఉంటాయి? గదిలో కుప్పపోసిన నూలులా, ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి. తేడా ఏమిటంటే ఈ నూలు క్షణం ఊరుకోదు. వేడి వల్ల ప్రతి గొలుసూ సెకనుకు కోట్లసార్లు మెలికలు మార్చుకుంటూ ఉంటుంది. మెలికలు తిరిగి ఉండడానికి లెక్కలేనన్ని దారులున్నాయి, నిటారుగా ఉండడానికి ఒక్కటే దారి. కాబట్టి ఎవరూ లాగకపోతే గొలుసు మెలికలు తిరిగే ఉంటుంది. లాగితే దాని స్వేచ్ఛ తగ్గుతుంది, శాస్త్రభాషలో ఎంట్రపీ తగ్గుతుంది. వదిలితే మళ్లీ మెలికల్లోకి వెళ్లిపోతుంది. రబ్బరు వెనక్కి లాగడం అంటే ఇదే. పరమాణువుల మధ్య బంధాలు సాగి వెనక్కి రావడం కాదు, గొలుసు తన స్వేచ్ఛను తిరిగి అందుకోవడం. 1930ల్లో కూన్, గూత్, మార్క్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతిని లెక్కలతో నిలబెట్టారు.

పెదవికి తగిలిన వెచ్చదనానికి చాలామంది ఈ వివరణతోనే సరిపెట్టేస్తారు. స్వేచ్ఛ తగ్గింది కాబట్టి వేడి బయటకు వచ్చిందని. అది అబద్ధం కాదు, సగం నిజం. ఎక్కువగా సాగదీసినప్పుడు వచ్చే వేడిలో పెద్ద వాటా ఇంకొక చోటినుంచి వస్తుంది. నీరు గడ్డకట్టేటప్పుడు గుప్తోష్ణం బయటపడినట్టే రబ్బరు స్ఫటికమయ్యేటప్పుడూ పడుతుంది. ఆ గుప్తోష్ణం గ్రాముకు సుమారు 64 జౌళ్లు. గ్రాము రబ్బరును ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి రెండు జౌళ్లకు కాస్త తక్కువ చాలు. బ్యాండును బాగా సాగదీస్తే అందులో ఐదో వంతు స్ఫటికమైందనుకుందాం. అంటే గ్రాముకు పదమూడు జౌళ్లు. వేడి బయటకు పోయే వ్యవధి ఇవ్వకుండా లాగితే ఆరేడు డిగ్రీల పెరుగుదల. మీ పెదవికి తగిలింది ప్రధానంగా ఇదే. ఇందాక వదిలినప్పుడు చల్లబడిందంటే ఆ స్ఫటికాలన్నీ కరిగాయి, కరగడానికి కావలసిన వేడిని రబ్బరు నుంచే తీసుకున్నాయి. అంటే ఈ హాల్లో కూర్చుని అందరూ ఒక పదార్థాన్ని గడ్డకట్టించి మళ్లీ కరిగించారు. ఉష్ణోగ్రత మార్చలేదు, చేతులు దూరం జరిపారు, దగ్గరకు తెచ్చారు, అంతే.

ఇది నిజంగా స్ఫటికమేనని ఎలా తెలుసు? 1925లో యోహాన్ రుడాల్ఫ్ కాట్జ్ అనే డచ్చి శాస్త్రవేత్త రబ్బరు మీదకు ఎక్స్ కిరణాలు పంపాడు. సాగదీయని రబ్బరు గుండా వెళ్లిన కిరణాలు ఫిల్ము మీద మసకగా ఒక వలయాన్ని మాత్రమే వేశాయి. ద్రవాలు వేసేది కూడా అలాంటి వలయమే. పరమాణువులకు ఒక క్రమమంటూ లేదని దాని అర్థం. తరవాత అదే రబ్బరును సాగదీసి బిగించి మళ్లీ కిరణాలు పంపాడు. ఈసారి ఫిల్ము మీద విడివిడిగా, పదునుగా చుక్కలు పడ్డాయి. అలాంటి చుక్కలు స్ఫటికం నుంచే వస్తాయి. పైగా ఆ చుక్కల అమరికను చూస్తే స్ఫటికాలన్నీ లాగిన దిశకే తిరిగి ఉన్నాయి. బ్యాండు వదిలితే చుక్కలు మాయం, మళ్లీ మసక వలయమే.

ఆ రోజుల్లో దీని ప్రాధాన్యం ఏమిటో ఊహించండి. హెర్మన్ స్టౌడింగర్ 1920లో వేల తునకలు కలిసిన పొడవాటి అణువులున్నాయని ప్రకటిస్తే రసాయన శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోలేదు. రబ్బరంటే చిన్న చిన్న అణువులు గుంపు కట్టినదే అని వాదించారు. ఆ పేచీ నడుస్తున్న కాలంలోనే కాట్జ్ చుక్కలు బయటపడ్డాయి. ఇంకో చిత్రమైన ప్రయోగం కూడా ఆ కాలంలో జరిగింది. జర్మనీలో హోక్ అనే ఆయన రబ్బరును ద్రవరూపంలో ఉన్న గాలిలో ముంచి గడ్డకట్టించి సుత్తితో కొట్టాడు. సాగదీయకుండా ముంచిన ముక్క గాజులా పగిలింది. సాగదీసి ముంచిన ముక్క మాత్రం పీచుపీచుగా చీలింది. ఖరీదైన పరికరం ఏదీ లేకుండా, ఒక సుత్తితో లోపలి అమరిక మొత్తం బయటపెట్టేశాడాయన. నాకు కాట్జ్ ఫిల్ముకన్నా ఆ సుత్తిదెబ్బే ఎక్కువ నచ్చుతుంది.

1942లో చార్లెస్ బన్ ఆ స్ఫటికం లోపలి కొలతలు తేల్చాడు. గొలుసు దిశలో ప్రతి రెండు ఐసోప్రీన్ తునకలకు ఒకసారి నమూనా పునరావృతమవుతుంది. ఆ దూరం 8.1 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే మిల్లీమీటరులో కోటి భాగాలు చేస్తే ఎనిమిది భాగాలు. పూర్తిగా చాపిన గొలుసు కన్నా ఇది కాస్త కురచ. అంటే స్ఫటికంలో కూడా రబ్బరు గొలుసు కర్రలా నిటారుగా ఉండదు, కొద్దిగా వంకర మిగిలే ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. లాగితే ఎందుకు గడ్డకట్టాలి?

రబ్బరు లాగకపోయినా గడ్డకడుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. పచ్చి రబ్బరును సున్నాకు దిగువన 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. అన్నింటికన్నా వేగంగా గడ్డకట్టేది ఆ ఉష్ణోగ్రత దగ్గరే. ఇంకా చల్లబరిస్తే గొలుసులు కదలలేక ఆ పని మందగిస్తుంది, సున్నాకు దిగువన 70 దాకా వెళితే గాజుస్థితిలోకి పోయి పూర్తిగా ఆగిపోతుంది. చలి దేశాల గోదాముల్లో శీతాకాలమంతా పడి ఉన్న రబ్బరు దిమ్మెలు చెక్కలా బిగుసుకుపోతాయి. వాటిని వేడి గదుల్లో ఉంచి కరిగించాకే పనిలోకి తీసుకుంటారు. అలా పుట్టిన స్ఫటికాలు గది ఉష్ణోగ్రతకు రాగానే కరుగుతాయి. ఎంత నిదానంగా పెంచిన స్ఫటికమైనా సుమారు 30 డిగ్రీలు దాటితే నిలవడం కష్టం. అంటే ఈ హాల్లో ఉన్న వేడికి సాగదీయని రబ్బరు గడ్డకట్టదు.

ఏ పదార్థానికైనా కరిగే ఉష్ణోగ్రత ఎలా నిర్ణయమవుతుంది? కరిగించడానికి ఇవ్వాల్సిన వేడి ఒక పక్క. కరిగాక అణువులకు దొరికే స్వేచ్ఛ ఇంకొక పక్క. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే కరిగే ఉష్ణోగ్రత. ఇప్పుడు రబ్బరును లాగారు. ఇవ్వాల్సిన వేడి పెద్దగా మారలేదు. కానీ కరిగి ఏం బావుకోవాలి? లాగిన గొలుసుకు కరిగినా పాత స్వేచ్ఛ లేదు, చివరలు అటూ ఇటూ బిగించి ఉన్నాయి. భాగించే అంకె చిన్నదయింది కాబట్టి వచ్చే ఉష్ణోగ్రత పెద్దదవుతుంది. లాగుతున్న కొద్దీ రబ్బరు కరిగే ఉష్ణోగ్రత పైకి పోతూ ఉంటుంది, ఒక చోట గది ఉష్ణోగ్రతను దాటేస్తుంది. దాటిన క్షణం నుంచి ఈ హాల్లోని వేడే దానికి గడ్డకట్టేంత చలి. పాల్ ఫ్లోరీ 1947లో ఈ వాదాన్ని గణితంగా రాసిపెట్టాడు. ఆయనకు 1974లో నోబెల్ వచ్చింది, దీనికొక్కదానికే కాదు గానీ ఈ దారిలో చేసిన పనికే. బాగా సాగదీసి పట్టిన రబ్బరులో స్ఫటికాలు 70 డిగ్రీల దగ్గర కూడా మిగిలి ఉంటాయి.

గాఫ్ చల్లని నీళ్లలో చూసింది ఇదే. ఆయన వాడింది పచ్చి రబ్బరు. గొలుసుల మధ్య గట్టి ముళ్లు, అంటే ఒకదాన్ని ఇంకోదానికి కట్టిపడేసే ముడులు, లేవు. చలీ లాగుడూ రెండూ కలిసి స్ఫటికాలు పుట్టించాయి, వెనక్కి లాగే బలం చాలక అవి అలాగే నిలిచిపోయాయి. వేడినీళ్లు తగలగానే కరిగాయి, పట్టీ ముడుచుకుంది. 1839లో చార్లెస్ గుడియర్ కనిపెట్టిన పద్ధతిలో గంధకంతో ఉడికించిన రబ్బరులో గొలుసుల మధ్య అక్కడక్కడా గంధకపు ముళ్లు పడతాయి. మీ చేతిలో ఉన్న బ్యాండు అలాంటిదే. లాగుడు ఆగగానే ఆ ముళ్లు మొత్తాన్ని వెనక్కి ఈడుస్తాయి.

బ్యాండును నెమ్మదిగా లాగుతూ లోపల ఎప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. రెట్టింపు పొడవు వరకూ స్ఫటికం లేదు, సుఖంగా సాగుతుంది. మూడు రెట్ల దగ్గర కూడా దాదాపు ఏమీ లేదు. నాలుగు రెట్లకు అటూ ఇటూగా మొదటి స్ఫటికాలు పుడతాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది. స్ఫటికం పుట్టగానే రబ్బరు గట్టిపడాలి అనుకుంటాం. మొదట జరిగేది దానికి విరుద్ధం. స్ఫటికంలోకి వెళ్లిన భాగం గొలుసు దిశలో ఎక్కువ దూరం ఆక్రమిస్తుంది కాబట్టి, అదే గొలుసులో మిగిలిన భాగానికి కాస్త ఊపిరాడుతుంది, బిగువు కొంత సడలుతుంది. ఇంకా లాగితే మాత్రం కథ మారిపోతుంది. స్ఫటికాలు పెరిగి, ఒక్కొక్కటి ఎన్నో గొలుసులను కలిపి కట్టిపడేసే దిమ్మెలవుతాయి. బ్యాండు ఒక్కసారిగా మొరాయిస్తుంది. చివరిదాకా లాగినప్పుడు చేతికి తెలిసే ఆ మొండితనం చాలావరకూ స్ఫటికాలదే. పలచని లేత రంగు రబ్బరైతే ఆ దశలో తెల్లబడి మసకబారడం కంటికి కూడా కనిపిస్తుంది.

వదులుతూ వస్తే స్ఫటికాలు పుట్టిన చోటే కరగవు. పుట్టింది నాలుగు రెట్ల దగ్గర, కరిగిపోయేది మూడు రెట్లకు దిగువన. పుట్టడానికి కొంత మొండితనం, పోవడానికి కొంత మొండితనం. లాగేటప్పుడు పెట్టిన శ్రమ వదిలేటప్పుడు పూర్తిగా తిరిగి రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

రబ్బరు మొత్తం స్ఫటికమైపోతుందని మాత్రం అనుకోకండి. ఆరు రెట్లు సాగదీసినా స్ఫటికమయ్యేది ఐదో వంతో నాలుగో వంతో. స్ఫటికాలు కూడా చాలా చిన్నవి, పదుల నానోమీటర్లు. మిగిలిన రబ్బరులో ఎక్కువ భాగం, అంత లాగినా, ఇంకా మెలికలు తిరిగే ఉంటుంది. 2000 తరవాత సింక్రోట్రాన్ యంత్రాల శక్తిమంతమైన ఎక్స్ కిరణాలతో, సాగుతున్న రబ్బరును సాగుతుండగానే చూసినప్పుడు ఇది స్పష్టంగా తేలింది. అప్పటిదాకా గొలుసులన్నీ సమానంగా నిటారవుతాయని బొమ్మలు గీసుకున్నాం. నిజానికి గంధకపు ముళ్లు సమాన దూరాల్లో పడవు. రెండు ముళ్ల మధ్య కురచగా ఉన్న గొలుసులు ముందు బిగుసుకుంటాయి, అవే స్ఫటికానికి బీజాలవుతాయి. పొడవాటివి తీరిగ్గా చూస్తూ ఉంటాయి. ముళ్లు మరీ ఎక్కువైతే గొలుసులకు వరసలో పడే చోటే ఉండదు, స్ఫటికాలు పుట్టడమే కష్టమవుతుంది. మరీ తక్కువైతే గొలుసులు ఒకదాని మీదనుంచి ఒకటి జారిపోతాయి. గంధకం పాళ్లు నిర్ణయించేవారి నైపుణ్యమంతా ఈ రెండింటి మధ్యే.

వేగం గురించి కూడా చెప్పాలి. చలికి గడ్డకట్టడానికి గంటలు పట్టిందన్నాను. లాగితే సెకనులో వందో వంతుల్లో, ఇంకా తక్కువలో కూడా అయిపోతుంది. అంత తేడా ఎందుకంటే చలిలో గొలుసు తన మెలికలు తానే విప్పుకుని వరసలోకి రావాలి. లాగినప్పుడు ఆ చాకిరీ మనం చేసి పెడుతున్నాం.

ఇక బలం సంగతి. 1942 మొదట్లో జపాన్ సైన్యం మలయానూ డచ్చివారి ఈస్ట్ ఇండీస్‌నూ ఆక్రమించింది. అమెరికాకు వచ్చే సహజ రబ్బరులో సుమారు 90 శాతం ఆగిపోయింది. స్టైరీన్, బ్యుటాడయీన్ కలిపి కృత్రిమ రబ్బరును పెద్దఎత్తున తయారు చేశారు. అది కూడా చక్కగా సాగుతుంది, చక్కగా వెనక్కి వస్తుంది. కానీ ఏమీ కలపకుండా, గంధకంతో ఉడికించి మాత్రమే లాగి చూస్తే రెండు మూడు మెగాపాస్కళ్ల దగ్గర తెగిపోతుంది. సహజ రబ్బరు అదే పరీక్షలో ఇరవై దాటుతుంది. పదింతలు! రెండూ సాగేవే, రెండింటి గొలుసులూ పొడవైనవే. తేడా ఒక్కటే. కృత్రిమ రబ్బరులో రెండు రకాల తునకలు అడ్డదిడ్డంగా కలిసి ఉంటాయి, ఎంత లాగినా పక్కపక్కనున్న గొలుసులు ఒద్దికగా సర్దుకోలేవు, స్ఫటికం పుట్టదు. అందుకే దానికి మసి తప్పనిసరి. కార్బన్ బ్లాక్ దట్టించాక దాని బలం ఇరవైకి చేరుతుంది. సహజ రబ్బరు తన మసిని తానే, లోపలే తయారు చేసుకుంటుందని చెప్పవచ్చు. పైగా అవసరమైన చోటే.

ఆ 'అవసరమైన చోటే' అన్న మాట దగ్గర ఒక నిమిషం ఆగుదాం. ఏ వస్తువైనా తెగేది ఒక చిన్న పగులు దగ్గర మొదలవుతుంది. బ్యాండు అంచున బ్లేడుతో చిన్న గాటు పెట్టి లాగండి. బ్యాండు మొత్తం రెండింతలే సాగి ఉండవచ్చు, అక్కడ స్ఫటికం లేదు. కానీ గాటు కొసన రబ్బరు ఎన్నో రెట్లు సాగి ఉంటుంది. అక్కడ స్ఫటికాలు పుడతాయి. సన్నని ఎక్స్ కిరణాల పుంజంతో పగులు కొస చుట్టూ వెతికితే అవి కనిపిస్తాయి కూడా. మిగతా రబ్బరంతా మెత్తగా ఉండగా ఆ ఇసుక రేణువంత చోటు మాత్రమే గట్టిపడుతుంది, పగులు ఆగిపోతుంది. ఇంకా లాగితే పగులు నేరుగా ముందుకు పోలేక పక్కకు, లాగిన దిశ వైపు తిరగడం తరచూ చూస్తాం. మసి కలిపిన సహజ రబ్బరులో అయితే చిరుగు ముళ్లుముళ్లుగా అటూ ఇటూ తిరిగి కొత్తగా మళ్లీ మొదలు కావలసి వస్తుంది. ఆ పగులు కాస్త ముందుకు జరిగిందనుకోండి, కొత్త కొసన కొత్త స్ఫటికాలు. వెనకపడ్డ చోట బిగువు తగ్గి పాతవి కరిగిపోతాయి, ఆ భాగం మళ్లీ మెత్తని రబ్బరే. మనుషులు తయారు చేసిన పదార్థాల్లో ఇంత పొదుపైన రక్షణ నేను పెద్దగా చూడలేదు.

దీనినుంచి ఒక వింత ఫలితం వచ్చింది. 1940లో క్యాడ్‌వెల్, ఆయన సహచరులు రబ్బరును అలుపు లేకుండా లాగుతూ వదులుతూ, ఎన్నిసార్లకు తెగుతుందో కొలిచారు. లాగి పూర్తిగా వదిలేస్తే ఒక ఆయుర్దాయం వచ్చింది. తరవాత, అదే ఊగిసలాటను ఉంచి, కింది హద్దును సున్నా మీదనుంచి పైకి జరిపారు. అంటే రబ్బరుకు ఎప్పుడూ పూర్తి విశ్రాంతి లేదు, ముందుకన్నా ఎక్కువ సాగదీస్తున్నారు కూడా. ఇంగితజ్ఞానం ఏం చెబుతుంది? త్వరగా తెగాలి. తెగలేదు సరికదా, ఎన్నో రెట్లు ఎక్కువకాలం బతికింది. పూర్తిగా వదిలిన ప్రతిసారీ పగులు కొసన స్ఫటికాలు కరిగిపోతున్నాయి. మళ్లీ లాగినప్పుడు అవి పుట్టేలోపు పగులు రవ్వంత ముందుకు జరుగుతుంది. వదలకుండా పట్టి ఉంచితే స్ఫటికాలు కరగవు, కాపలా తొలగదు. స్ఫటికం కట్టని రబ్బరులో ఈ లాభం ఇంతగా కనిపించదు. ఇంజిన్లను ఆనించే రబ్బరు దిమ్మెలను రూపొందించేవారు, వాటికి ఎప్పుడూ కొంత బిగువు ఉండేలా ఎందుకు చూస్తారో ఇప్పుడు అర్థమవుతుంది. విమానాల టైర్లలో, భారీ లారీల టైర్లలో ఇప్పటికీ సహజ రబ్బరుదే పైచేయి కావడానికి కూడా చిరుగును ఆపే ఈ గుణం ఒక ముఖ్య కారణం.

సిస్ అమరికను గుర్తుపెట్టుకోమన్నాను. అదే ఐసోప్రీన్, అవే తునకలు, ట్రాన్స్ అమరికలో కడితే వచ్చేది గట్టాపెర్చా. అది కూడా చెట్టు పాలే. కానీ ట్రాన్స్ గొలుసులు ఎవరూ లాగకుండానే చక్కగా సర్దుకుంటాయి, గది ఉష్ణోగ్రతలోనే స్ఫటికమై గట్టిగా తోలులా ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు దాన్నే తొడిగారు. తొడుగుగా బాగుంది, సాగదీయడానికి పనికిరాదు. సిస్ గొలుసు ఇంకో రకం. గడ్డకట్టగలదు కానీ ఇష్టపడదు, బలవంతం చేస్తే తప్ప. ఆ అయిష్టం సరిగ్గా మనకు కావలసినంత. కరిగే ఉష్ణోగ్రత ఇంకో నలభై డిగ్రీలు ఎక్కువ ఉంటే రబ్బరు కూడా చెక్కే. నూరు డిగ్రీలు తక్కువ ఉంటే ఎంత లాగినా స్ఫటికం రాదు, గాటు పడిన చోటల్లా తెగుతుంది.

1950ల్లో రసాయన శాస్త్రవేత్తలు కొత్త ఉత్ప్రేరకాలతో సిస్ పాలీఐసోప్రీన్‌ను కర్మాగారంలోనే తయారు చేశారు. మేలురకంలో సుమారు 98 శాతం తునకలు సిస్. వినడానికి గొప్పగా ఉంది. కానీ మిగిలిన రెండు శాతం అంటే ప్రతి యాభై తునకలకు ఒక తప్పు తునక. తప్పు తునక స్ఫటికంలో ఇమడదు, వరస అక్కడ ఆగిపోతుంది. అందుకే అది చెట్టు రబ్బరుకు దగ్గరగా వచ్చినా, స్ఫటికం కట్టడంలో ఒక అడుగు వెనకే ఉంటుంది. చెట్టు రబ్బరులో గొలుసుల కొసలకు అంటిపెట్టుకుని ప్రొటీన్లు, ఫాస్ఫోలిపిడ్లు కూడా ఉంటాయి, వాటి పాత్ర కూడా ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. లాగితే స్ఫటికమయ్యే కృత్రిమ రబ్బర్లు అసలు లేవని కాదు. నియోప్రీన్ కూడా అలాంటిదే.

ఇప్పటికే రెండు చీటీలు వచ్చాయి. మొదటిది: వదిలితే చల్లబడుతుంది కదా, దీనితో ఫ్రిజ్ చేయలేమా? చేయవచ్చు. హానికరమైన వాయువులు వాడకుండా చల్లబరిచే దారుల్లో ఇదొకటిగా పరిశోధనలు సాగుతున్నాయి. చిక్కేమిటంటే రబ్బరును ఐదారు రెట్లు, లక్షల సార్లు సాగదీయాలి, అది తెగకూడదు. క్యాడ్‌వెల్ ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. పూర్తిగా వదలకుండా, స్ఫటికాలు పుట్టే పరిధిలోనే పైకీ కిందికీ ఊపితే ఆయుర్దాయం పెరుగుతుంది, చల్లదనంలో ఎక్కువ భాగం కూడా దక్కుతుంది.

రెండోది: ఇంత బలమైనదైతే, కాగితాల కట్టకు వేసిన పాత బ్యాండు ముట్టుకుంటేనే ఎందుకు తెగుతుంది? మంచి ప్రశ్న. ప్రతి తునకలోనూ జంట బంధం ఉందన్నాను, అదే దాని బలహీనత. గాలిలోని ఆక్సిజన్, వెలుతురు కలిసి ఆ బంధాల దగ్గర గొలుసులను కోస్తాయి, కొన్నిచోట్ల అదనపు ముళ్లు వేస్తాయి. గొలుసు మధ్యలో తెగినా, ముళ్లు మరీ ఎక్కువైనా, తునకల క్రమం చెడినా స్ఫటికం పుట్టదు. ఇక ఓజోన్ ఇంకా దుర్మార్గం. కొద్దిపాటి ఓజోన్ చాలు, సాగి ఉన్న రబ్బరు ఉపరితలాన్ని లాగిన దిశకు అడ్డంగా కోస్తూ పోతుంది. దానికి పదో వంతు సాగి ఉన్నా సరిపోతుంది. అంత కొంచెం సాగినప్పుడు స్ఫటికం లేదు, కాపలా లేదు. కట్టకు బిగించిన బ్యాండు సరిగ్గా ఆ స్థితిలోనే ఏళ్ల తరబడి ఉంటుంది. వాడని బ్యాండ్లను వదులుగా, మూత బిగించిన డబ్బాలో, వెలుతురు తగలకుండా పెట్టండి, చాలాకాలం ఉంటాయి. ఇంకెవరైనా అడగాలంటే మైకు ఇటు పంపండి.